చిన్న ఇంజను సత్తా, కొత్త చేతి హద్దు

1958 ఆగస్టులో జపాన్‌లో హోండా కంపెనీ సూపర్ కబ్ సీ100 అనే బండిని విడుదల చేసింది. ఇంజను 49 సీసీ. అందులోంచి హోండా ఇంజనీర్లు 4.5 హార్స్‌పవర్ రాబట్టారు. అందుకోసం అది నిమిషానికి 9,500 చుట్లు తిరగాలి. అంటే సెకనుకు 158 చుట్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజను కాబట్టి రెండు చుట్లకోసారి పెట్రోలు మండుతుంది. సెకనుకు 79 మంటలన్నమాట. పైగా ఈ బండిని తయారు చేసింది రేసర్ల కోసం కాదు, అంతకుముందు మోటార్ సైకిలు ఎక్కి ఎరగనివాళ్ల కోసం.

సొయిచిరో హోండా ఇంజన్లు చూసుకునేవాడు, ఆయన భాగస్వామి తకేవో ఫుజిసావా వ్యాపారం చూసుకునేవాడు. 1956లో ఇద్దరూ యూరప్ వెళ్లి అక్కడి చిన్న బండ్లను పరిశీలించి వచ్చారు. నూడుల్స్ హోటల్ కుర్రాడు ఒక చేత్తో ట్రే పట్టుకుని, రెండో చేత్తో నడపగలిగే బండి కావాలన్నది వాళ్ల లెక్క. అందుకే సూపర్ కబ్‌కు క్లచ్ లివరు పెట్టలేదు. ఇంజను వేగం పుంజుకుంటే లోపలి బరువులు బయటికి జరిగి క్లచ్ ప్లేట్లను బిగిస్తాయి, వేగం తగ్గితే వదిలేస్తాయి. కాలితో గేరు నొక్కగానే క్లచ్ తనంతట తానే విడిపోతుంది. బురద చిందకుండా కాళ్లకు అడ్డంగా ప్లాస్టిక్ కవరు, గతుకులు తట్టుకోవడానికి 17 అంగుళాల చక్రాలు పెట్టారు. 2017 నాటికి ఈ కుటుంబపు బండ్ల తయారీ 10 కోట్లు దాటింది.

ఆ వంశమే మన ఊళ్లకూ వచ్చింది. హీరో, హోండా కలిసి 1985లో సీడీ 100ను మార్కెట్లోకి తెచ్చాయి. సూపర్ కబ్‌లో లాగే సిలిండరు దాదాపు అడ్డంగా పడుకుని ఉండే 97 సీసీ ఇంజను దానిది. అదే ఏడాది వచ్చిన టూ స్ట్రోక్ యమహా ఆర్‌ఎక్స్ 100కు 11 హార్స్‌పవర్ ఉండేది. కుర్రకారు మనసు దాని మీదే. కానీ లీటరు పెట్రోలు ఎంత దూరం లాక్కెళ్తుందో లెక్క చూసుకునే ఇళ్లకు సీడీ 100 చేరింది. 1994లో స్ప్లెండర్ వచ్చాక చాలా ఇళ్లలో పిల్లలు గేర్లు నేర్చుకునే మొదటి బండి అదే అయింది.

అలా కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక భయం ఉంటుంది. రేస్ పెంచితే ఇంజను పాడైపోతుందేమోనని టాప్ గేరులో పాతిక వేగంతో కొట్టుకుంటూ వెళ్తారు. దీనికి జవాబు పిస్టన్ దగ్గర దొరుకుతుంది. ఇంజను మీద పడే భారాన్ని అంచనా వేయడానికి నిమిషానికి ఎన్ని చుట్లన్నదొక్కటే చాలదు. పిస్టన్ ఎంత వేగంగా పరుగెడుతోందో చూడాలి. 97 సీసీ ఇంజనులో పిస్టన్ ఒక వైపు కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. నిమిషానికి 8,000 చుట్ల దగ్గర దాని సగటు వేగం సెకనుకు 13 మీటర్లు. పాత 350 సీసీ బుల్లెట్‌లో ఆ దూరం 90 మిల్లీమీటర్లు. అదే పిస్టన్ వేగం బుల్లెట్‌కు 4,400 చుట్ల దగ్గరే వచ్చేస్తుంది. చిన్న ఇంజను అరుపు పెద్దగా వినిపించినా లోపల పడే శ్రమ మనం భయపడేంత కాదు. పిస్టన్ చిన్నది, తేలికది. ఎక్కువ చుట్లు తిరగడం ఆ ఇంజను తీరు.

అలాగని హద్దు లేదని కాదు. బండి కొత్తలో, అంటే రన్నింగ్-ఇన్ పీరియడ్‌లో, పిస్టన్ రింగులు సిలిండరు గోడకు సరిగ్గా కుదురుకోవాలి. అప్పుడు ఒకే వేగంతో గంటలకొద్దీ నడపకూడదు, యాక్సిలరేటర్‌ను చివరిదాకా తిప్పి ఉంచకూడదు. గాలితోనే చల్లబడే ఇంజను, లోపల ఉండే ఆయిలు లీటరుకు అటూ ఇటూ. ఆయిలు తగ్గితే ఏ చుట్ల దగ్గరైనా ప్రమాదమే. ఇంకోటి, డెబ్బైలో వెళ్తూ ఒక్కసారిగా రెండో గేరుకు దించితే చక్రమే ఇంజనును హద్దు దాటించి తిప్పుతుంది. వాల్వులకు దెబ్బ తగలొచ్చు, వెనక చక్రం జారనూ వచ్చు. ఇవి పాటిస్తే మూడో గేరులో కాసేపు గట్టిగా లాగినంత మాత్రాన చిన్న ఇంజను నొచ్చుకోదు. టాప్ గేరులో గొణుక్కుంటూ ఈడ్చుకెళ్లడమే చైనుకూ ఇంజనుకూ కష్టం.

అసలు హద్దు ఇంజను దగ్గర లేదు, ఆగడం దగ్గర ఉంది. బండి 110 కిలోలు, మనిషి 65 కిలోలు అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ రెంటిలో ఉండే చలనశక్తి సుమారు 6 వేల జౌళ్లు. 60కి చేరితే అది 24 వేలు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. పొడి రోడ్డు మీద రెండు బ్రేకులూ చక్కగా పడి, ప్రతి సెకనుకూ వేగం గంటకు 18 కిలోమీటర్ల చొప్పున తగ్గుతోందనుకుంటే, 60 నుంచి ఆగడానికి మూడు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆ కాస్త సమయంలో బ్రేకులు సగటున పది హార్స్‌పవర్ పని చేయాలి. ఎనిమిది హార్స్‌పవర్ ఇంజను నిదానంగా కూడబెట్టినదాన్ని బ్రేకులు చిటికెలో వేడిగా మార్చి వదిలించుకోవాలి.

దూరం సంగతీ చూద్దాం. ప్రమాదం కంటబడి చేయి కదలడానికి ఒక సెకను పడితే, 60లో ఆలోపే 17 మీటర్లు దాటిపోతాం. ఆ తర్వాత ఆగడానికి ఇంకో 28. మొత్తం సుమారు 45 మీటర్లు. 40 వేగంలో అయితే 23 మీటర్లు చాలు. రోడ్డు మీదికి గేదె అడ్డొచ్చినప్పుడు ఆ ఇరవై పైచిలుకు మీటర్ల తేడాయే ప్రాణం.

మనవాళ్లలో చాలామందిని “ముందు బ్రేకు పట్టుకోకు, పల్టీ కొడతావ్” అని బెదిరిస్తారు. ఆర్టీసీ బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టే, బండి ఆగేటప్పుడు బరువులో ఎక్కువ భాగం ముందు చక్రం మీదికి వస్తుంది. రోడ్డును బాగా పట్టుకునేది అప్పుడు అదే. వెనక చక్రం తేలికైపోయి ఊరికే జారుతుంది. వెనక బ్రేకునొక్కదాన్నే నమ్ముకుంటే ఆగే దూరం బాగా పెరుగుతుంది. ముందు బ్రేకును ఠక్కున లాక్కోకుండా, పిండినట్టు క్రమంగా బిగించాలి. ఈ అలవాటు లేనివాళ్లకూ ఉపయోగపడేలా 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ వరకు బండ్లకు కంబైన్డ్ బ్రేకు గానీ, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. కంబైన్డ్ బ్రేకులో వెనక పెడల్ తొక్కితే ముందు చక్రానికీ కొంత పడుతుంది.

మలుపులోనూ ఇదే లెక్క. 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపును 30 వేగంతో తిరిగితే బండి 20 డిగ్రీలు వాలాలి. 40తో అయితే 32 డిగ్రీలు. బాగున్న తారు రోడ్డు మీద టైరు దాన్ని మోస్తుంది. ఇసుక లారీ రాల్చిన ఇసుక మీద మోయదు. అందుకే మలుపులోకి దిగకముందే వేగం తగ్గించుకోవాలి.

స్కూలు గ్రౌండులో బాబాయో అన్నయ్యో బండి నేర్పేటప్పుడు క్లచ్ వదలడం, గేర్లు మార్చడం, పడకుండా తిరగడం నేర్పుతారు. ఆగడం నేర్పేవాళ్లు తక్కువ. హెల్మెట్ పెట్టించి, ఖాళీ గ్రౌండులో ఇరవైతో మొదలుపెట్టి, ముప్పై, నలభై దాకా పెంచుతూ, రెండు బ్రేకులతో నిటారుగా ఆగడం పదేపదే చేయించాలి. గీసిన గీత దగ్గర తడబడకుండా ఆగగలిగిన వేగమే ఆ పిల్లవాడికి ఆ రోజు రోడ్డు మీద తగిన వేగం. సాధన పెరిగేకొద్దీ హద్దును జరుపుకుంటూ వెళ్లొచ్చు. తాళం చేతికిచ్చే పెద్దలు ఆ గంట కేటాయించి తీరాలి.