కారు అడుగున దాగే తుప్పు

హైదరాబాద్ ఉస్మానియా క్యాంపస్ క్వార్టర్ల ముందు, తార్నాక లోపలి వీధుల్లో పదిహేనేళ్లు దాటిన కార్లు ఇప్పటికీ కనిపిస్తాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత బండిని రవాణా శాఖకు చూపించి 5 ఏళ్ల చొప్పున పొడిగించుకోవాలి. ఆ సమయానికి చాలామంది పెయింటు మెరుగు పెట్టిస్తారు, సీటు కవర్లు మార్పిస్తారు. కారు బలమంతా ఉండేది మాత్రం అడుగున. చిన్న కార్లకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. పలచటి ఉక్కు రేకులను పెట్టెల్లా మడిచి వెల్డింగ్ చేసిన అడుగు భాగమే బరువు మోస్తుంది. గుద్దుకున్నప్పుడు లోపలివాళ్లను కాపాడేదీ అదే.

హైదరాబాద్‌లో సముద్రం లేదు కదా, తుప్పు భయమెందుకు అంటారు కొందరు. ఆ మాటలో సగమే నిజం. విశాఖలోనో చెన్నైలోనో తిరిగిన బండిని తినే ఉప్పుగాలి ఇక్కడ లేదు. చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పూ లేదు. అయితే ఉప్పు తుప్పు వేగాన్ని పెంచుతుందే తప్ప, అది లేకపోయినా తుప్పు ఆగదు. ఇనుము, నీరు, ఆక్సిజన్ ఉంటే చాలు.

కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యులిక్ ఇవాన్స్ పేరుతో ఒక ప్రయోగం ఉంది. డిగ్రీ కెమిస్ట్రీ ల్యాబులో ఎవరైనా చేసి చూడవచ్చు. శుభ్రంగా రుద్దిన ఇనుప రేకు మీద ఉప్పు నీటి చుక్క వేస్తారు. ఆ నీటిలో పొటాషియం ఫెర్రిసయనైడ్, ఫినాఫ్తలీన్ కొద్దిగా కలిపి ఉంచుతారు. కాసేపటికి చుక్క మధ్యలో నీలం, అంచు చుట్టూ గులాబీ రంగు తేలతాయి. అంచు దగ్గర గాలి బాగా అందుతుంది. అక్కడ ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తీసుకోవడంతో క్షారం పుడుతుంది, గులాబీ రంగు దాని గుర్తు. ఆ ఎలక్ట్రాన్లను ఇచ్చేది గాలి సరిగా అందని మధ్య భాగం. అక్కడ ఇనుము కరిగిపోతోందని నీలం రంగు చెబుతుంది. ఈ రెండింటి మధ్య తుప్పు వలయం కడుతుంది. కాబట్టి తుప్పు పైకి కనబడే చోటు ఒకటి, ఇనుము పోతున్న చోటు ఇంకొకటి కావచ్చు. పాత కారు కిందికి చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

చక్రాల పై మడతల్లో గట్టిపడిన బురద అచ్చం ఆ చుక్క మధ్య భాగంలా పనిచేస్తుంది. వాన వెలిసి రోడ్డు ఆరినా బురద కింది రేకు రోజుల తరబడి తడిగానే ఉంటుంది, గాలి అందదు. క్యాంపస్ చెట్ల నీడన నిలిపే బండ్లకు ఇంకో బెడద ఉంది. రాలిన ఆకులు ముందు అద్దం కింద ఉన్న జాలీలోకి దిగి నీరు పోయే దారులను మూసేస్తాయి. ఆ నీరు లోపలికి ఇంకి కార్పెట్ కింద నిలుస్తుంది. అడుగు రేకును తుప్పు పైనుంచి తినుకుంటూ వస్తుంది. కింద చిల్లు కనబడేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే కిందికి వంగేముందు కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడాలి. తలుపుల అంచున ఉండే చిన్న రంధ్రాలను పుల్లతో శుభ్రం చేయాలి. 2020 అక్టోబరు వరదలో నగరంలో ఎన్నో కార్లు మునిగాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు సీటు పట్టాల మూలల్లో ఒండ్రు ఉందేమో తప్పక వెతకాలి.

కింద చూడటానికి మెకానిక్ షెడ్డులో లిఫ్టు మీదికి ఎత్తించడమే మేలు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు. అలా ప్రాణాలు పోయినవాళ్లున్నారు. టార్చి, స్క్రూడ్రైవరు ఉంటే చాలు. జాకీ పెట్టే చోట్లు, తలుపుల కింద పొడవునా సాగే మడత, సస్పెన్షన్ బిగించిన చోట్లు, వెనక చక్రాల లోపలి వైపు స్క్రూడ్రైవరు పిడితో తట్టాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. పైపైన గోధుమరంగు పొర మాత్రమే ఉంటే కంగారు లేదు, రుద్ది ప్రైమరు పూస్తే సరి. పొరలు పొరలుగా ఉబ్బి పెచ్చులూడుతుంటే లోపల ఇనుము చాలానే పోయిందని అర్థం. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఉబ్బు అందుకే.

బ్రేక్ పైపు విషయంలో రాజీ పనికిరాదు. ఉక్కు గొట్టం గరుకుగా గుంటలు పడి ఉన్నా, రబ్బరు హోసు పగిలినా ఉబ్బినా మార్చాల్సిందే. తుప్పుతో సంబంధం లేకున్నా కింద చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. స్పీడ్ బ్రేకర్ల మీద వచ్చే టకటక చప్పుడు చాలాసార్లు అరిగిన బుష్‌లదో, వదులైన బాల్ జాయింట్లదో అయి ఉంటుంది. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే యాక్సిల్ బూట్ చిరిగిందన్నమాట. ఆ చిన్న రబ్బరు తొడుగు అప్పుడే మారిస్తే ఖరీదైన జాయింటు మిగులుతుంది.

సైలెన్సర్ తుప్పు దారి వేరు, అది లోపలినుంచి మొదలవుతుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరం వెళ్తే సైలెన్సర్ బాగా వేడెక్కి ఆవిరి బయటికి పోతుంది. క్యాంపస్ నుంచి తార్నాక కూరగాయల దుకాణం దాకా వెళ్లి వచ్చే బండిలో అది చల్లబడి లోపలే నీరవుతుంది, పొగలోని ఆమ్లాలూ అందులో కలుస్తాయి. తక్కువ తిరిగిన బండి అని సంబరపడే ముందు ఇది కూడా చూసుకోవాలి. వారానికోసారి అరగంట పాటు రింగు రోడ్డు మీద నడిపితే సైలెన్సరుకు మంచిది.

1944లో మొదలై ఇప్పుడు తార్నాకలో ఐఐసీటీగా పేరున్న రసాయన పరిశోధన సంస్థ లోహాలను కాపాడే పూతల మీదా పనిచేసింది. పూతల శాస్త్రంలో మొదటి నియమం ఒక్కటే: ఉపరితలం శుభ్రంగా, పొడిగా ఉండాలి. తుప్పు మీద, తడి మీద నల్ల కోటింగు కొడితే ఆ తడి లోపలే బందీ అయి పని కొనసాగిస్తుంది, పైగా కంటికి కనబడదు. అమ్మకానికి పెట్టిన పాత కారు అడుగు కొత్త నల్లపూతతో నిగనిగలాడుతుంటే అనుమానించండి, ఒకచోట గీకి చూపించమనండి. మీ బండికైతే వానాకాలం ముందోసారి, తర్వాతోసారి అడుగు కడిగించి, పూర్తిగా ఆరాక, తుప్పు గీకించి, అప్పుడే పూత వేయించండి.