కలంకారీ రంగు వెనక కూలి చేతులు

పట్నంలో కలంకారీ దుప్పటి కొనేవాళ్లు ఎరుపు బాగుందా, నలుపు నిలుస్తుందా అని చూస్తారు. "చెట్ల రంగులండీ" అని ఒక మాట చెప్పి కొట్టువాడు ధర ఇంకాస్త పెంచుతాడు. ఆ చెట్టు దగ్గరికి వెళ్లిందెవరు, వేరు తవ్విందెవరు, మోకాటిలోతు కాలువలో నిలబడి గుడ్డ జాడించిందెవరు? ఆ సంగతి దుప్పటికి కట్టిన చీటీ మీద ఉండదు. కనుక మనమే చెప్పుకుందాం.

బందరు పక్కన పెడనలో ఈ పని ఇప్పటికీ సాగుతోంది. ముందు గుడ్డలో గంజి పోయేదాకా ఉతుకుతారు. తరవాత కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండేస్తారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు అద్దకం పక్కకు పాకకుండా ఆపుతుంది. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిం తయారవుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద దానితో అచ్చు వేస్తే నల్లగా తేలుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక అద్దుతారు. పటికకు దాని సొంత రంగంటూ లేదు. నాలుగు రోజులు ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, రాగి గాబులో ఎర్ర వేళ్ల చెక్కతో ఉడకబెడితే పటిక ఉన్నంత మేరా ఎరుపు పట్టుకుంటుంది. మంట ఎక్కువైనా తక్కువైనా అంతవరకు చేసిందంతా దండగ. ఆవిరిలో నిలబడి కర్రతో గుడ్డ తిప్పే మనిషికి ఈ లెక్కలన్నీ తెలుసు, అతని కూలి లెక్క మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది.

ఒకప్పుడు ఆ ఎరుపు చిరివేరుది. సముద్రపుటొడ్డు ఇసక నేలల్లో చిన్న మొక్క, కిందికి సన్నటి పొడుగాటి వేరు. రంగంతా వేరు తోలులోనే. నిజాంపట్నం తీరపు చిరివేరుకు 17వ శతాబ్దంలోనే పేరుండేది. 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఈ తీరాన దిగిన ముఖ్య కారణాల్లో మన అద్దకపు గుడ్డ ఒకటి. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అదే జాతి ఎరుపు, అలిజరిన్, ప్రయోగశాలలో తయారుచేశారు. అది ఓడల్లో వచ్చి పడ్డాక వేరు తవ్వేవాళ్ల పని పోయింది. పెడనలో కూడా అలిజరిన్ వాడకం ఉంది కాబట్టి కలంకారీలో ఎర్రగా కనిపించేదంతా వేరు రంగని నమ్మేయకండి.

ఇక నీలిమందు కథ ఇంకా ఘోరం. పూత రాకముందే కొమ్మ కోసి కుండీలో నానేస్తారు. రాత్రంతా పులిసిన పసరు నీళ్లను కింది కుండీలోకి వదిలి చిలుకుతారు. ఆకులో నీలం కనిపించదు, పసరుకు గాలి తగిలాకే నీలం పుడుతుంది. అందుకని కూలీలు నడుములోతు ఆ కంపు నీళ్లలో నిలబడి గంటల తరబడి కర్రలతో బాదేవారు. అడుక్కి దిగిన మడ్డిని కాచి, నొక్కి, బిళ్లలు కోసేవారు. కడప జిల్లాకూ ఒకప్పుడు నీలిమందు పేరుంది.

బెంగాల్లో తెల్ల తోటదొరలు దాదన్ అనే అడ్వాన్సు ఇచ్చి, వరి పండే చోట నీలిమొక్క వేయించారు. తీసుకున్న అప్పు తాతనుంచి మనవడికి దిగేది. 1859–60లో రైతులు "నీలి వేయం" అని తిరగబడ్డారు. దీనబంధు మిత్ర 'నీల్ దర్పణ్' నాటకం రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదం అచ్చు వేయించినందుకు 1861లో జేమ్స్ లాంగ్ అనే పాదరీ నెలరోజులు జైల్లో ఉన్నాడు. చంపారన్‌లో ఇరవై కఠాల్లో మూడు కఠాలు నీలికే అనే తీన్‌కఠియా పద్ధతి. 1897లో జర్మన్ కంపెనీ రసాయన నీలం బజారుకు తెచ్చేసరికి దొరలకు నీలి సాగు గిట్టలేదు. అప్పుడు రైతును వదిలేశారా? వదిలినందుకూ డబ్బు కట్టమన్నారు! శిస్తు పెంచారు, 'తావాన్' పేరుతో మొత్తాలు గుంజారు. 1917లో గాంధీ వెళ్లి పోరాడాక దక్కింది తావాన్‌లో నాలుగో వంతు వాపసు. 1918లో తీన్‌కఠియాను చట్టం రద్దు చేసింది.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, చెట్ల రంగుకు మళ్లీ గిరాకీ వచ్చింది. 1994లో జర్మనీ కొన్ని అజో రంగులు నిషేధించింది, 1997లో మన ప్రభుత్వమూ నిషేధం పెట్టింది. నీలి వేయమని, జాఫ్రా వేయమని రైతుల దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. ఏటికొప్పాక బొమ్మల మీది పసుపూ ఎరుపూ ఇలాంటి గింజా వేరే కదా! పంట మంచిదే. నీలి నేలకు బలమిస్తుంది, రంగు తీసిన చెత్త కూడా ఎరువే. కాని ఆకు తూచేదెవరు, రంగు శాతం తేల్చేదెవరు, సరుకు నచ్చలేదంటే నష్టం ఎవరిది? కాగితం మీద రాయించుకోనిదే విత్తనం ముట్టుకోవద్దు. చెట్ల రంగు కదా, చేతికేం కాదు అనే మాటా వట్టిదే. నీలం తొట్టి సున్నం చేతులు పగలగొడుతుంది. రంగు నిలవాలని మైలుతుత్తం కలిపే చోట్ల ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి.

కరక్కాయ సంగతీ అంతే. 2006 అటవీ హక్కుల చట్టం అడవి ఉత్పత్తుల మీద గిరిజనులకు హక్కునిచ్చింది, 2013–14లో వచ్చిన మద్దతు ధర జాబితాలో కరక్కాయ ఉంది. సంతలో అప్పిచ్చిన షావుకారే తరాజు పట్టుకుంటే ఆ ధర జాబితాలోనే ఉండిపోతుంది.

పెడనలో ఎండాకాలం కాలవ కట్టేస్తే జాడింపు ఆగుతుంది. జాడింపు ఆగితే ఉడుకు గాబు కింద పొయ్యి వెలగదు. రోజుకూలీకి ఆ రోజులకు కూలి లేదు. చెట్ల రంగని ధర పెంచి అమ్మే కొట్టులో మాత్రం అమ్మకం ఆగదు. నీళ్లు రాని రోజుల బత్తెం ఎవరివ్వాలి అని కార్మికులు అడగాల్సింది అక్కడ.