మంటలు రాకముందే మేల్కొనాలి

మదీనాలో ఒకనాటి రాత్రి ఒక ఇల్లు నివాసులతో సహా తగులబడింది. ఆ వార్త విన్న దైవప్రవక్త ముహమ్మద్ (స) అగ్ని మానవులకు శత్రువని, నిద్రించే ముందు దానిని ఆర్పివేయాలని ఉపదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ప్రమాదం రాకముందే జాగ్రత్తపడటం విశ్వాసి బాధ్యత అని ఈ హదీసు నేర్పుతోంది.

2025 జనవరి 7 సాయంత్రం అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టిన ఈటన్ కార్చిచ్చు పెనుగాలుల తోడుతో ఆల్టడీనా పట్టణంపై విరుచుకుపడింది. తొమ్మిది వేలకు పైగా కట్టడాలు దగ్ధమయ్యాయి. అక్కడి మస్జిద్ అల్ తఖ్వా కూడా బూడిదైంది. పట్టణపు పశ్చిమ భాగానికి ఖాళీ చేయమన్న ఆదేశం మరునాడు తెల్లవారుజామున మూడు గంటలు దాటాకే వెలువడింది. మరణించినవారిలో అత్యధికులు ఆ భాగంలోని వృద్ధులే.

కార్చిచ్చులో చాలా ఇళ్ళను అంటించేవి మంటలకంటే ముందుగా గాలిలో ఎగిరివచ్చే నిప్పురవ్వలు. కనుక ఇంటి గోడల చుట్టూ కనీసం 5 అడుగుల మేర ఎండుటాకులు, కట్టెలు, పొదలు ఉండరాదు. పైకప్పునూ, చూరు కాలువలనూ శుభ్రపరచాలి. గాలిరంధ్రాలకు సన్నని లోహపు జాలీ బిగించాలి. మన నల్లమల అంచు పల్లెల్లోనూ వేసవికి ముందే గడ్డివాములను ఇళ్ళకు దూరంగా వేసుకోవాలి.

గుర్తింపు పత్రాలు, మందులు, మంచినీరు, టార్చిలైటు ఒకే సంచిలో సిద్ధంగా ఉంచాలి. మంటలు సమీపిస్తే గ్యాసు కట్టివేసి, తలుపులు, కిటికీలు మూసి, ఒళ్ళంతా కప్పే నూలు దుస్తులతో బయలుదేరాలి. ప్రమాదం కనబడుతుంటే ఆదేశం కోసం వేచి ఉండరాదు. వెళ్ళేముందు పొరుగున ఒంటరిగా ఉన్న వృద్ధుల తలుపు తట్టాలి. పొరుగువారి హక్కు ఆ క్షణాన మరింత బరువైనది. వదిలివచ్చిన వస్తువుల కోసం తిరిగి వెళ్ళరాదు.

ఇల్లు విడిచిపోవడం తవక్కుల్‌కు విరుద్ధమని కొందరు భావిస్తారు. కానీ ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్నదే ప్రవక్త (స) బోధన. చేజేతులా వినాశనంలో పడవద్దని అల్ బఖరా సూరా 195వ ఆయతు హెచ్చరిస్తోంది. ప్రాణం కాపాడేందుకు నమాజునైనా మధ్యలో విరమించవచ్చునని ధర్మవేత్తలు తెలిపారు. అటువంటప్పుడు సామాను కోసం ప్రాణాన్ని పణంగా పెట్టడం ఎలా సమంజసం? ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు.

అల్లాహ్ మనందరినీ అగ్ని ప్రమాదాల నుండి, నరకాగ్ని నుండి కాపాడుగాక! ఆమీన్.