ఫోన్ లాక్కోకండి... ఆపడం నేర్పండి!



"ఫోన్ తీసుకుంటే ఇల్లు పీకి పందిరి వేస్తున్నాడు!" ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. చాలాసార్లు అది మొండితనం కాదు. ఒక పని ఆపి మరో పనిలోకి మారడం ఈ పిల్లలకు నిజంగానే కష్టం.

ఎంతసేపు చూడొచ్చు?
ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచన ప్రకారం 2–5 ఏళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదు. 5–10 ఏళ్ల వారికి 2 గంటల లోపే ఉండాలి.

ఏది లెక్కలోకి రాదు?
మాటలు రాని పిల్లలు తెరపై బొమ్మను నొక్కితే, ట్యాబ్ వారి తరఫున మాట్లాడుతుంది. చెన్నైలో రూపొందిన 'ఆవాజ్' అలాంటి యాపే. అది మీ బిడ్డ గొంతు. అల్లరి చేశారని దాన్ని ఎప్పుడూ తీసుకోకండి.

ఎలా ఆపాలి?
• "రెండు వీడియోలు, తర్వాత స్నానం" అని ముందే చెప్పండి. బొమ్మలు గీసి గోడకు అంటించండి.
• ఆటోప్లే ఆపేయండి. ముగింపు ఉన్న కథలు ఎంచుకోండి.
• "ఇంకో ఐదు నిమిషాలు" అంటే చాలదు. కాలం కరిగిపోవడం కంటికి కనిపించేలా ఇసుక గడియారం పెట్టండి.
• ఆపగానే ఇష్టమైన పని సిద్ధంగా ఉంచండి. ఊయల, నీళ్లాట, పల్లీ చిక్కీ... ఏదైనా సరే.
• నిద్రకు గంట ముందు ఫోన్ వద్దు.

నూకాంబిక అమ్మవారి జాతరలో మైకుల హోరు, జనం మధ్య తిరిగొచ్చాక పిల్లలు ఫోన్ అడిగితే, బహుశా మనసు కుదుటపడటానికే కావచ్చు. ముందు లైట్లు తగ్గించి, కాసేపు నిశ్శబ్దంగా కూర్చోనివ్వండి.

ఒక వారం పాటు మీ బిడ్డ ఫోన్ ఎప్పుడు అడుగుతున్నారో, ఆపితే ఏం చేస్తున్నారో డైరీలో రాసి క్లాస్ టీచర్‌కు చూపించండి. ఇంట్లోనూ బడిలోనూ ఒకే పద్ధతి ఉంటే పిల్లలకు తేలిక.