గుమ్మటపు నీడను కాపురములు

నందికొట్కూరునుండి కర్నూలునకు వైద్యమునకో, పెండ్లిబట్టలకో పోని యిల్లాలు అరుదు. పోయినవారెల్ల కొండారెడ్డి బురుజును జూచియే యుందురు. హంద్రి యొడ్డున నున్న అబ్దుల్ వహాబు గోరీని జూచినవారు మాత్రము తక్కువ. బిజాపురపు సుల్తానుల తరఫున కర్నూలు నేలిన యా ప్రభువు సమాధిని జనులు గోల్ గుమ్మజ్ అందురు. జంట గుమ్మటముల యీ కట్టడము కేంద్రప్రభుత్వ పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది.

సోదరీమణులారా! మేము గోరీ చూడబోయి, ఆ దాపుసందులలో నాగిపోయితిమి. 2009 అక్టోబరు వఱద ముంచిన పాతపట్టణమే యది. ఒక యిల్లాలు వాకిట నిలిచిన మురుగును చెంబుతో నెత్తి పోయుచుండెను. కాలువ యేల వేయించుకొనరాదని యడిగితిమి.

"గుమ్మటం దగ్గర గుంత తవ్వితే జైలంట గదమ్మా!" అనెను.

ఇంటికి వచ్చి చట్టమును దెప్పించి చదివితిమి. ఆమె భయము వట్టిది గాదు. 1958 నాటి ప్రాచీన స్మారకముల చట్టమునకు 2010లో జరిగిన సవరణనుబట్టి, రక్షితస్థలపు హద్దునుండి కనీసము 100 మీటర్లవఱకు క్రొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపైని 200 మీటర్లలో అనుమతి కావలెను. మీఱినవారికి రెండేండ్లవఱకు చెఱ, లేదా లక్షరూపాయలవఱకు జరిమానా, లేదా రెండును.

అయితే నిర్మాణమన నేమో వివరించిన చోటనే మఱియొక మాట గలదు. మురుగుకాలువలు వేయుట, వానిని శుభ్రపఱచుట, ప్రజల మరుగుదొడ్లు, మంచినీటి సరఫరా పనులు, ప్రజలకు విద్యుత్తు సరఫరా పనులు: ఇవి నిర్మాణములో చేరవు! ఈ వాక్యమును ఆ సందులలో నెవ్వరును చదివి వినిపింపలేదు కాబోలు. గోరీ ఆవరణలోపల త్రవ్వుట వేఱుమాట.

ఇంటి మరమ్మతునకును దారి గలదు. 1992 జూను 16కు ముందునుండి యున్న యింటికి దాని యజమాని దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పట్టా లేని పేదలకు ఈ దారి యిఱుకే. వీథికాలువకు మాత్రము ఎవరి పట్టాయు నక్కఱలేదు; అది నగరపాలకసంస్థ చేయవలసిన పని. నిలిచిన మురుగు పిల్లలకు జ్వరములు తెచ్చును. దాని తేమయు నుప్పును ప్రాతగోడల సున్నమును గూడ తినివేయును.

మఱల పోయి ఆమెకు జెప్పితిమి. "అడిగితే యిండ్లే లేపుతారేమో" యని సంశయించెను. హంపీమాట ఆమెయు వినియున్నది. 2011 జూలైలో అక్కడ విరూపాక్షుని వీథిలో రాతిమండపముల నాశ్రయించి కాపురమున్నవారిని వెడలించి, వారి కట్టుబళ్లను గూల్చిరి. ప్రాతస్తంభముల నడుమ గోడలు పెట్టుట తప్పే; కాని యాత్రికులకు అన్నము వండిపెట్టిన తల్లులు ఊరివెలుపల క్రొత్తపొయ్యి రాజేసికొనవలసి వచ్చినది. వీథి యిపుడు శుభ్రముగనే యున్నది.

మేమేమియు హామీ యీయజాలకపోతిమి. ఆమె కొంతసేపూరకుండి, లోపలికిబోయి మనుమరాలి నోటుపుస్తకమునుండి కాగితము చించి తెచ్చి, "కాలువ సంగతి మాత్రం రాయండమ్మా, యిల్లిల్లూ తిరిగి నేనే సంతకాలు పెట్టిస్తా" అనెను.