రెండు పొట్టి మొక్కలు – ఒక ప్రామాణిక విచలనం

రెండు రకాలను పోల్చేటప్పుడు మన సిద్ధాంత గ్రంథాలలోనూ, విస్తరణ నివేదికలలోనూ సగటు, దాని పక్కన ప్రామాణిక విచలనం మాత్రమే కనిపిస్తుంటాయి. విచలనం ఎక్కువగా ఉన్న రకాన్ని ‘నిలకడ లేనిది’ అని పక్కన పెడతాము. అది ఇక రైతు పొలానికి చేరదు. ఆ నిర్ణయానికి ఈ రెండు సంఖ్యలు చాలునా? చార్లెస్ డార్విన్ 1876లో ప్రచురించిన మొక్కజొన్న కొలతలను ఇందుకు ఉదాహరణగా తీసుకుంటాను.

డార్విన్ పరపరాగ, స్వపరాగ సంపర్కాల వలన కలిగిన మొక్కలను నాలుగు కుండీలలో జంటలుగా పెంచారు. మొత్తం 15 జంటలు. పరపరాగ మొక్కల సగటు ఎత్తు 20.19 అంగుళాలు, స్వపరాగ మొక్కలది 17.58. ప్రామాణిక విచలనాలు వరుసగా 3.62, 2.05. ఇంతవరకే చూసిన విద్యార్థి, పరపరాగ మొక్కలు పొడవైనవే గాని వాటిలో ఏకరూపత లోపించిందని రాస్తాడు.

ఇప్పుడు ఎత్తులను ఆరోహణ క్రమంలో పేర్చి చూద్దాం. పరపరాగ వరుసలో మొదటి రెండు మొక్కలు 12 అంగుళాలే. మూడవది ఒక్కసారిగా 18.25, చివరిది 23.5. మధ్యగతం 21.5 కాగా, సగటు దానికంటె అంగుళానికి పైగా దిగువన ఉంది. స్వపరాగ మొక్కల మధ్యగతం 18. సగటుల నడుమ తేడా 2.6 అంగుళాలైతే, మధ్యగతాల నడుమ 3.5. మొదటి, మూడవ చతుర్థాంశాల మధ్య దూరం పరపరాగ మొక్కలలో 3, స్వపరాగ మొక్కలలో సుమారు 2.4. ప్రామాణిక విచలనాలు చూపినంత అంతరం ఇక్కడ లేదు. ఆ రెండు పొట్టి మొక్కలను మినహాయించి లెక్కిస్తే విచలనం 1.54కు పడిపోతుంది, ఏకరూపతపై తీర్పు తలకిందులవుతుంది.

అలాగని వాటిని తొలగించమని నా అభిప్రాయం కాదు. మౌఖిక పరీక్షలో ‘అవుట్‌లయర్ గనుక తీసివేశాను’ అన్న ప్రతి విద్యార్థినీ, ఆ ప్లాటును వెళ్ళి చూశావా అని అడుగుతుంటాను. చాలామంది చూసి ఉండరు. వేరుకుళ్ళు, నీటి నిలువ, విత్తన కల్తీ – కారణం ఏదైనా పొలంలోనే దొరకాలి గాని పట్టికలో దొరకదు.

క్రమంలో పేర్చడం విస్తృతిని చూడటానికి మాత్రమే. డార్విన్ కోరికపై ఈ కొలతలను పరిశీలించిన ఫ్రాన్సిస్ గాల్టన్ రెండు వరుసలనూ విడివిడిగా పేర్చి, జంటలను చెదరగొట్టారు. ఆర్.ఎ. ఫిషర్ 1935లో ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’ గ్రంథంలో తప్పుపట్టినది దీనినే. జంటలను అలాగే ఉంచి చూస్తే 13 జంటలలో పరపరాగ మొక్కే పొడవు. మిగిలిన రెండూ ఆ 12 అంగుళాల మొక్కలున్న జంటలే.