పొరుగు పొత్తులు – ప్రసార రాబడి

అమెరికా దేశమున ఫుట్‌బాల్ అనునది మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. కోలగా నుండు బంతిని చేతబట్టుకొని, ఎదిరిపక్షమువారిని త్రోసికొనుచు ముందునకు సాగు ఆట అది. శరదృతువున శనివారములందు విశ్వవిద్యాలయముల జట్లు దీనిని ఆడును. ఒక్క మిషిగన్ విశ్వవిద్యాలయపు మైదానముననే లక్షకు మించిన జనము కూర్చుండి చూతురు. ఇటీవల ఆ జట్లు పెక్కు తరతరాల పొత్తును వదలి, వేల మైళ్ల దూరపు కూటములలో చేరినవి. ఇందుకు కారణము ఆటలో లేదు; టెలివిజను రాబడిలో నున్నది. అది ఎట్లో విచారింతము.

అక్కడి జట్లు ‘కాన్ఫరెన్సు’లనెడు కూటములుగా ఏర్పడినవి. సభ్యులు ఏటేట తమలో తాము ఆడుకొందురు. వచ్చిన రాబడిని పంచుకొందురు. తొలుత ఈ కూటములకు పొలిమేరలు గీసినది భూగోళమే. ఆటగాండ్రు విద్యార్థులు, శనివారము ఆడి, సోమవారము తరగతికి రావలెను. కనుక పోయిరాదగిన దూరమున నున్నవారే పొత్తు కూడిరి. 1896లో ఏర్పడిన ‘బిగ్ టెన్’ మధ్య పశ్చిమ రాష్ట్రముల కూటమి. 1915లో మొదలైన పరంపరకు వారసురాలైన ‘పాక్-12’ పసిఫిక్ తీరపు కూటమి.

టెలివిజను వచ్చిన తొలి దశాబ్దములలో ప్రసారములపై పెత్తనము ఎన్.సి.ఏ.ఏ. అను జాతీయ క్రీడాసంఘముది. ఇంట కూర్చుండి చూడగలిగిన జనము మైదానమునకు రారను భయముతో అది ప్రసారములను మితము చేసినది. 1980 దశకపు తొలినాళ్ల ఏర్పాటు ప్రకారము ఒక జట్టు రెండేండ్లలో ఆరుసార్లకు మించి టెలివిజనులో కనబడరాదు. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయములు దీనిపై వ్యాజ్యము వేసినవి. 1984 జూన్ 27న అమెరికా సుప్రీమ్‌కోర్టు, ఏడుగురు న్యాయమూర్తులొకవైపు, ఇద్దరు మరొకవైపు నిలువగా, ఈ ఏర్పాటు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన బైరన్ వైట్ విద్యార్థిదశలో స్వయముగా పేరొందిన ఫుట్‌బాల్ ఆటగాడు. ఈ ఆటను కేవల వ్యాపారముగా చూడరాదనియు, విద్యతో దానికి గల సంబంధమును కాపాడవలెననియు ఆయన వాదము.

నాటినుండి ప్రసార హక్కులను అమ్ముట కూటముల పని యైనది. ఇక్కడ ఒక చిన్న లెక్క చూతము. పది జట్ల కూటమికి టెలివిజను సంస్థలు నూరు రూపాయలిచ్చుచున్నవనుకొందము. సమముగా పంచిన, జట్టుకు పది వచ్చును. పదునొకండవ జట్టు చేరినచో మొత్తము నూటపదికి మించవలెను. నూటపదికి తక్కువైనచో పాతవారి పాలు తగ్గును. కావున క్రొత్త జట్టును ‘నీ ఊరెక్కడ?’ అని కాక, ‘నీవెంట ఎందరు ప్రేక్షకులు వత్తురు?’ అని అడుగుట మొదలైనది. విడిచిపోవు జట్టు లెక్కయు ఇట్టిదే. తన పేరు చెప్పి నలుబది రూపాయలు వచ్చుచుండ తనకు పదియే దక్కినచో, ఇరువది యిచ్చు ఇంటివైపు అది చూడక మానదు.

2007లో బిగ్ టెన్ సొంత కేబుల్ ఛానెలును ప్రారంభించినది. కేబుల్ కంపెనీలు ఇంటికి ఇంతయని నెలనెల ఆ ఛానెలుకు చెల్లించును. ఆట చూడని ఇల్లు కూడ లెక్కకు వచ్చును. 2014లో మేరీలాండ్, రట్‌గర్స్ విశ్వవిద్యాలయములను చేర్చుకొనుటకు ఇదియే ముఖ్య హేతువు. రట్‌గర్స్ జట్టు మేటిజట్టు కాదు. కాని న్యూయార్కు నగరపు ఇండ్లు దాని పొరుగున నున్నవి.

ఈ లెక్క ఎంతదూరము పోగలదో పాక్-12 కథ తెలుపును. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ నగరపు యు.ఎస్.సి., యు.సి.ఎల్.ఏ. జట్లు ఆ కూటమిని వీడి బిగ్ టెన్‌లో చేరుదుమని ప్రకటించినవి. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్‌కు ఏడేండ్లకు 700 కోట్ల డాలర్లకు మించిన ఒప్పందము కుదిరినది. పెద్ద నగరము చేజారిన పాక్-12కు తగిన బేరము కుదరలేదు. 2023 ఆగస్టు 4న ఒక్కనాడే ఐదు జట్లు తప్పుకొన్నవి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ జట్లు తక్కువ పాలుకు ఒప్పుకొని, ఎదుటి సముద్రమైన అట్లాంటిక్ పేరుగల కూటమిలో చేరినవి. 2024 నాటికి పండ్రెండింట మిగిలినవి రెండే: ఓరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. అవి చేసిన తప్పేమియు లేదు. అవి చిన్న పట్టణములలోనివి. వాటివెంట వచ్చు ఇండ్లు తక్కువ, అంతియే. అయినను క్రుంగిపోక, 2024లోనే బోయిసీ స్టేట్ మున్నగు జట్లను పిలిచి కూటమిని తిరిగి కట్టుటకు పూనుకొన్నవి.

యు.సి.ఎల్.ఏ., బర్క్‌లీ ఒకే ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థకు చెందిన అక్కచెల్లెండ్రు. చెల్లెలి నిష్క్రమణముచే అక్కకు నష్టము కలిగినదని తలచి, పాలకమండలి 2024లో యు.సి.ఎల్.ఏ. మూడేండ్లపాటు ఏటా కోటి డాలర్లు బర్క్‌లీకి చెల్లించవలెనని నిర్ణయించినది. ఒకరి లాభము వెనుక మరొకరి నష్టమున్నదని ఇంత స్పష్టముగా ఒప్పుకొన్న సందర్భము అరుదు.

ఈ రాబడి వ్యర్థమని చెప్పరాదు. తమంతట తాము ధనము తేలేని ఈత, పరుగుపందెములవంటి క్రీడలకు ఫుట్‌బాల్ రాబడియే ఆధారము. కాని ఆ క్రీడాకారులే నేడు అధిక భారమును మోయుచున్నారు. ఫుట్‌బాల్ వారమునకొక్క ఆట. వాలీబాల్ వంటి ఆటలు పనిదినములందును జరుగును. లాస్ ఏంజెలెస్‌నుండి రట్‌గర్స్‌కు సుమారు నాలుగువేల కిలోమీటర్లు. ఆ ప్రయాణమున పోవునది చదువుకొను గంటలే.

పాత స్పర్ధలును చెదరినవి. 1894లో మొదలైన టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం జట్ల పోరు, ఏ అండ్ ఎం వేరు కూటమికి పోవుటచే 2011 తరువాత ఆగిపోయినది. టెక్సాస్ కూడ అదే కూటమిలో చేరగా 2024లో తిరిగి జరిగినది. టెలివిజను లెక్కలే విడదీసినవి. టెలివిజను లెక్కలే కలిపినవి.

మైదానమునకు రాలేని వానికి ఆటను వినిపించుటకు, చూపించుటకు ప్రసారము పుట్టినది. ఉన్న ఆటను ఇంటింటికి చేర్చుట దాని ధర్మము. ఎవరు ఎవరితో ఆడవలెనో నిర్ణయించు అధికారము కూడ దానికే దక్కినప్పుడు, చిన్న ఊళ్ల జట్ల పక్షమున పలుకువారు ఎవరను ప్రశ్న మిగిలియున్నది. మైదానములో నెగ్గిన జట్టుకు సయితము, వెంట వచ్చు ఇండ్లు చాలనిచో నేడు కూటమిలో చోటు నిశ్చయము కాదు.